మన కోరంగి ఫోటో కింద కవి గారి కవిత పెట్టుకోవచ్చా?

కవి చనిపోయి 60 ఏళ్లు దాటితే ఎవర్నీ అడక్కుండా పెట్టుకోవచ్చు, దాటకపోతే మాత్రం ఫోటో మీరు తీసిందే అయినా కవితకి హక్కుదారుల పర్మిషన్ కావాలి.

మన దేశంలో రచయిత బతికున్నంత కాలం, ఆ తర్వాత ఇంకో 60 ఏళ్లు కాపీరైట్ నడుస్తుంది, ఆ 60 కూడా చనిపోయిన రోజు నుంచి కాదు, మరుసటి జనవరి 1 నుంచి లెక్క (బతికుండగా అచ్చయిన వాటికి). ఫోటో హక్కు వేరు, కవిత హక్కు వేరు, పక్కపక్కన పెట్టినంత మాత్రాన కలిసిపోవు.

ఉదాహరణకి కోరంగి మడ అడవిలో పాటు వేళ నీళ్లు దిగిపోయి, బురదలోంచి వేళ్లు మేకుల్లా పైకి పొడుచుకొచ్చి, వెనకాల మంచులో చెట్లు సగమే కనబడే ఫోటో తీశారనుకోండి, దానికి మన పిఠాపురం వైపు కవే కదా అని దేవులపల్లి కృష్ణశాస్త్రి గారి కవిత పెట్టాలనిపిస్తుంది, ఆ దిగులుకి నిజంగా బాగా కుదురుతుంది కూడా, కానీ ఆయన కన్నుమూసింది 1980లో, అంటే 2040 చివరిదాకా హక్కులుంటాయి. శ్రీనాథుడి పద్యాలకైతే ఈ గొడవే లేదు, ఈమధ్య ఎవరో రాసిన తాత్పర్యం మాత్రం ఎత్తి పెట్టకూడదు.

చాలామంది పొరబడేది ఎక్కడంటే, కింద కవి పేరు వేశాం, డబ్బులేం తీసుకోవట్లేదు, ఇంకేం కావాలి అనుకుంటారు. పేరు తప్పకుండా వేయాలి, అది మర్యాద, కానీ పర్మిషన్ కాదు. కవిత మీద రివ్యూ రాస్తూ రెండు పాదాలు ఉదహరించడం వేరే సంగతి, దానికి చట్టం ఒప్పుకుంటుంది.