శకునాల సోలార్ పార్కులో నేర్చిన పని ఇంటి మిద్దెకు చాలదా?

(ఇంటి కరెంటు, సోలార్, బ్యాటరీలపై పాఠకుల సందేహాలకు జవాబులిస్తున్నది అనంతపురంలో ఐటీఐ ఎలక్ట్రీషియన్ ట్రేడు బోధకుడిగా పదవీ విరమణ చేసిన ఒక ఉపాధ్యాయుడు.)

సార్, నాది ఓర్వకల్లు దగ్గర పల్లె. ఐటీఐ చదివాను. శకునాలలో సోలార్ పార్కు కట్టేటప్పుడు ప్యానెళ్లు బిగించే పనిలో చేరాను. ఇప్పుడు కర్నూలులో ఇళ్ల మీద సోలార్ పెడుతున్నాను. మూడు నెలల సంపాదన వదులుకుని సూర్యమిత్ర అనే సోలార్ పని శిక్షణకు వెళ్లాలా? చేతికి వచ్చిన పనికి మళ్లీ కాగితం ఎందుకు?
– ఒక పాఠకుడు, ఓర్వకల్లు మండలం

నాయనా, నీ చేతిపనిని నేను తక్కువ చేయను. 1000 మెగావాట్ల పార్కు మీలాంటి కుర్రవాళ్ల చేతుల మీదే లేచింది. కానీ అక్కడ నువ్వు ప్యానెల్ బిగిస్తే కేబుల్ మరొకరు లాగారు, కనెక్టర్ ఇంకొకరు వేశారు, ఆ తర్వాత ఇంజనీరు మెగ్గర్ (తీగల ఇన్సులేషన్‌ను పరీక్షించే మీటరు) పట్టుకుని వరుస వరుసనూ పరీక్షించాడు. ఇంటి మిద్దె మీద ఈ పనులన్నీ నీవే. కింద గదిలో పిల్లలు నిద్రపోతుంటారు.

ఇంట్లో వాడే, దిశ మార్చుకుంటూ పారే ఏసీ కరెంటు సెకనుకు 100 సార్లు సున్నాకు వచ్చి పోతుంది. లూజు కాంటాక్టులో పుట్టిన రవ్వ ఆరడానికి ఆ క్షణం చాలు. ప్యానెళ్ల నుంచి ఒకే దిశలో వచ్చే డీసీకి ఆ సున్నా లేదు. ఎనిమిది ప్యానెళ్లు వరుసగా కలిపితే 300 వోల్టులు దాటిపోతుంది. అక్కడ రవ్వ లేస్తే ఎండ ఉన్నంతసేపు మండుతూనే ఉండవచ్చు. ఇంట్లో మెయిన్ ఆపినా ప్యానెళ్లు వోల్టేజీని పుట్టించడం మానవు. క్రింపింగ్ టూల్ (కనెక్టరును తీగకు గట్టిగా నొక్కే పనిముట్టు) లేక కటింగ్ ప్లయర్‌తో నొక్కి వదిలేసిన కనెక్టర్లను, ఒక కంపెనీ ప్లగ్గును మరో కంపెనీ సాకెట్‌లోకి బలవంతంగా దూర్చిన జాయింట్లను నేను కళ్లారా చూశాను. బిగించిన రోజు అన్నీ బాగానే పనిచేస్తాయి. ప్లాస్టిక్ కరిగేది రెండో వేసవిలోనో, మూడో వేసవిలోనో.

ఎర్తింగ్ సంగతి చెప్పకుండా ఉండలేను. తాడిపత్రి వైపు ఒక ఇంట్లో గునపం అడుగు లోతు దిగగానే బండ తగిలింది. రాడ్డును రెండడుగులకు కోసి, పైన సిమెంటు పూసి వెళ్లిపోయారు. డీసీ వైపు, ఏసీ వైపు, పిడుగు రక్షణకు మూడు ఎర్తులు వేశామని బిల్లులో రాశారు. ఎర్త్ టెస్టర్ పెట్టి చూస్తే 5 ఓములకు లోపల ఉండాల్సిన నిరోధం పదుల్లో చూపించింది. మన నేల ఎండాకాలంలో ఎంతగా ఆరిపోతుందో నీకు నేను చెప్పాలా? తేమ నిలిచే చోటు వెతికి, అవసరమైతే రెండు మూడు రాడ్లు దూరదూరంగా దించి కలిపి, మళ్లీ కొలవాలి. అలా కొలిచే అలవాటు చూసి నేర్చుకున్న పనితో రాదు, నేర్పితే వస్తుంది.

ఇక కాగితాల విషయం. ఇవి రెండు వేర్వేరు. వైర్‌మన్ పర్మిట్ చట్టం కోరేది. లైసెన్సు ఉన్న కాంట్రాక్టరు కింద, పర్మిట్ ఉన్నవాడే వైరింగ్ పని చేయాలి. సూర్యమిత్ర నైపుణ్యానికి సంబంధించినది. గురుగ్రామ్‌లోని జాతీయ సౌరశక్తి సంస్థ 2015లో మొదలుపెట్టిన ఈ శిక్షణ 90 రోజులు, 600 గంటలు. నీకు రెండూ ఉండాలి. సంపాదన పోతుందన్న నీ బాధ నిజమైనది. మీ యజమానితో మాట్లాడు. ఇళ్ల మీద సోలార్‌కు కేంద్రం సాయమిచ్చే సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లకు 78,000 రూపాయల సబ్సిడీ రావాలంటే నమోదైన విక్రేత ద్వారానే పెట్టించుకోవాలి. ఆ నమోదును నిలబెట్టుకోవలసినవాడు తన పనివాడి శిక్షణకు సాయం చేయడం న్యాయం.

సార్, మా అమ్మాయి మెల్‌బోర్న్‌లో ఉంటుంది. అక్కడ బ్యాటరీ పెట్టేవాళ్లకు విడిగా గుర్తింపు ఉండాలని, ఎప్పటికప్పుడు శిక్షణ పొందుతూ ఉండాలని చెబుతోంది. మా ఇంట్లో పాత ఇన్వర్టరుకు లిథియం బ్యాటరీ పెడతామంటున్నారు. నేను ఏమి అడగాలి?
– ఒక గృహిణి, అనంతపురం

అమ్మా, మీ అమ్మాయి చెప్పింది సరైనదే. ఆస్ట్రేలియాలో ప్రభుత్వ ప్రోత్సాహకం రావాలంటే గుర్తింపు ఉన్న మనిషే పెట్టాలి. ఆ గుర్తింపును 2024 మే నుంచి సోలార్ అక్రెడిటేషన్ ఆస్ట్రేలియా అనే సంస్థ ఇస్తోంది. బ్యాటరీకి గుర్తింపు వేరు. పని మొదట్లో, మధ్యలో, చివర ఆ మనిషి అక్కడ స్వయంగా ఉండాలి. ఆ చివరి నియమం మనకూ వస్తే ఎంతో బాగుంటుంది.

శిక్షణ కొనసాగాలన్న మాటను నేను నా అనుభవంతో ఒప్పుకుంటాను. ఇరవై ఏళ్లకు పైగా ట్యూబులర్ (లెడ్ యాసిడ్ రకం) బ్యాటరీల పాఠం చెప్పినవాణ్ని. బంధువుల ఇంట్లో మొదటిసారి లిథియం బ్యాటరీ పెట్టినప్పుడు ఇన్వర్టరు సెట్టింగును ట్యూబులర్ మీదే ఉంచేశాను. వారం లోపలే, చార్జింగ్ నిండే వేళకు బ్యాటరీలోని రక్షణ సర్క్యూటు తనంతట తానే బ్యాటరీని ఆపేయడం మొదలైంది. లెడ్ బ్యాటరీకి మేలు చేసే ఈక్వలైజింగ్ చార్జి (సెల్లులన్నీ సమంగా నిండేలా ఎక్కువ వోల్టేజీతో ఇచ్చే చార్జి) లిథియానికి హాని అని నాకు అప్పటికి తెలియదు. తర్వాత నా విద్యార్థుల వయసు పిల్లల పక్కన కూర్చుని ఆ పాఠం నేర్చుకున్నాను.

కాబట్టి మీరు మూడు ప్రశ్నలు వేయండి. మా ఇన్వర్టరులో లిథియం సెట్టింగు ఉందా, ఉంటే నా ముందు పెట్టి చూపిస్తారా? బ్యాటరీకీ ఇన్వర్టరుకూ మధ్య సమాచార కేబుల్ కలుపుతారా? ఈ రకం బ్యాటరీ మీద మీరు చివరిసారి శిక్షణ ఎప్పుడు పొందారు? మూడో ప్రశ్నకు చిరాకు పడేవాణ్ని పంపించివేయండి. పడకగదిలో, మెట్ల కింద, పడమటి ఎండ కొట్టే గోడకు బ్యాటరీ పెట్టనివ్వకండి. మన వేసవి వేడిలో దాని ఆయుష్షు త్వరగా తరుగుతుంది.

సోలార్ పెట్టించినా కరెంటు పోగానే ఇల్లంతా ఆగిపోతోంది. మోసపోయానా?
– ఒక దుకాణదారుడు, కడప

లేదు. బ్యాటరీ లేని గ్రిడ్ ఇన్వర్టరు (వీధి లైనుకు కలిపి నడిచేది) లైను పోగానే ఆగిపోవాలి. లేకపోతే మీ మిద్దె మీది కరెంటు తీగల్లోకి వెళ్లి, స్తంభం మీద మరమ్మతు చేస్తున్న లైన్‌మన్ ప్రాణం తీస్తుంది. అయితే ఈ మాట డబ్బు తీసుకునే ముందే మీకు చెప్పవలసింది. చెప్పకపోవడం పెట్టినవాడి తప్పే.