సింధూ, అమ్మానాన్నల్ని విమానం ఎక్కించే ముందు

చి. సింధుకు పెదనాన్న ఆశీస్సులు.

నీకు ప్రైవేట్ పైలట్ లైసెన్సు వచ్చిందని మీ నాన్న ఫోన్ చేశాడు. వాడి గొంతులో అంత సంబరం నీ పెళ్లప్పుడు కూడా వినలేదు. డిసెంబరులో వాళ్లు డాలస్ రాగానే సెస్నా 172 అనే చిన్న విమానం అద్దెకు తీసుకుని గాల్వెస్టన్ దాకా తీసుకెళ్తానన్నావట. మన ఇంట్లో విమానాలు బాగుచేసినవాణ్ని నేనున్నాను గానీ, నడిపినవాళ్లు నీ ముందు ఎవరూ లేరు. పెద్దమ్మ వీధంతా చెప్పుకొచ్చింది. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మీ అమ్మ నాకు విడిగా ఫోన్ చేసింది. "చిన్న విమానం అంటే నాకు సౌందర్యే గుర్తొస్తోంది బావగారూ" అంది. 2004 ఏప్రిల్ 17న కరీంనగర్ ఎన్నికల ప్రచారానికని బెంగళూరు జక్కూరు నుంచి బయల్దేరిన సెస్నా 180, లేచిన కాసేపటికే కూలిపోయింది. లోపలున్న నలుగురూ పోయారు. అమ్మ భయాన్ని చాదస్తమని కొట్టిపారెయ్యకు. ఆ భయంతోనే నీ పక్కన కూర్చోడానికి ఒప్పుకుంది.

తెలిసినవే అయినా చెబుతాను. చెక్‌లిస్టు కంఠతా వచ్చినా కాగితం చేత్తో పట్టుకునే చదువు. నిద్ర చాలకపోయినా, జలుబు మాత్ర వేసుకున్నా ఆ రోజు ఎగరొద్దు. అమ్మ చీరలో వస్తుంది కనక ప్రొపెల్లరు పూర్తిగా ఆగాకే తలుపు తియ్యి.

నాలుగు సీట్లున్నాయని నలుగురినీ ఎక్కించి, ట్యాంకులు కూడా నింపేస్తానంటే కుదరదు. 172ఎస్‌లో వాడుకోదగ్గ పెట్రోలు 53 గ్యాలన్లు, గ్యాలనుకు 6 పౌండ్ల లెక్కన 318 పౌండ్లు. అది పోను మనుషులకూ సామానుకూ మిగిలేది సుమారు 550 పౌండ్లు, అంటే 250 కిలోలు. ఖచ్చితమైన అంకె ఆ విమానం కాగితాల్లోనే ఉంటుంది, చూసుకో. బరువు నోటిమాటగా అడిగి రాసుకోకు, అందరినీ కాటా ఎక్కించు. అల్లుణ్ని ఈసారికి ఇంట్లోనే ఉండమను. పెట్రోలు తగ్గించుకుని నలుగురూ వెళ్లడం కన్నా నాకదే నయం. దిగేసరికి పగలైతే అరగంట, రాత్రయితే ముప్పావుగంట పెట్రోలు మిగిలితే చాలంటుంది చట్టం. నువ్వు గంట మిగుల్చుకో.

పెట్రోలు దగ్గరికి వచ్చాం కనక ఇక్కడ కాస్త ఓపిగ్గా చదువు. నువ్వు పంపిన వీడియో చూశాను. పెట్రోల్లో నీళ్లు చేరాయేమో చూడ్డానికి రెక్క కింద డ్రెయిన్ నొక్కి గొట్టంలోకి పెట్రోలు పట్టావు. దాన్ని ఆకాశం వైపు ఎత్తి చూసి, నవ్వుతూ కెమెరా వైపు తిరిగావు. విమానం చూసుకునే టైములో ఫోనెందుకమ్మా? అది చూసే ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

బేగంపేటకు రాకముందు నేను కుర్ర టెక్నీషియన్‌గా ఉన్న చోట, హ్యాంగరులో జాగా చాలక ఒక సెస్నా 152 బయటే ఉండేది. దాని ట్యాంకు మూత రబ్బరు ఎండకు బీటలు వారింది. మార్చాలని రిజిస్టరులో రాశారు, సామాను రాలేదు. ఒక రాత్రంతా ముసురు పట్టి తెల్లారేసరికి తెరిపిచ్చింది. పొద్దున్నే వచ్చిన ఇన్‌స్ట్రక్టరు తొందరపాటు మనిషి కాదు, చాలా నెమ్మదస్తుడు. డ్రెయిన్ నొక్కి గాజు గొట్టంలోకి పట్టి, ఆకాశం కేసి ఎత్తి చూశాడు. వాన కడిగేసిన ఆకాశం నిండు నీలంగా ఉంది. గొట్టంలోదీ నీలంగానే కనపడింది. మధ్యలో గీత లేదు, అడుగున బుడగ లేదు. "క్లీన్" అన్నాడు.

ఆ పెట్రోలుకు నీలం రంగు కలుపుతారని నీకు తెలుసు. నీళ్లు బరువు కనక అడుగుకి దిగుతాయి, రెండూ కలిసి వస్తే మధ్యలో గీత తెలుస్తుంది. గొట్టం నిండా నీళ్లే వస్తే గీత ఎక్కణ్నుంచి వస్తుంది? ఆయన చూసిన నీలం వెనకున్న ఆకాశానిది.

రన్‌వే దాకా నేల మీద ట్యాక్సీ బాగానే సాగింది. ఎగిరే ముందు ఇంజిన్ను పరీక్షించే రనప్‌లోనూ ఇంజిన్ తేడా చూపించలేదు, లైన్లలో, కార్బురేటరు గిన్నెలో మంచి పెట్రోలు మిగిలి ఉంది కనక. నేలకి 300 అడుగులు లేచాక నాలుగుసార్లు దగ్గి ఆగిపోయింది. ఆయన వెంటనే ముక్కు దించి, వెనకున్న రన్‌వే వైపు తిరక్కుండా ఎదురుగా జొన్నచేలోకి దింపేశాడు. ముందు చక్రం విరిగింది, స్టూడెంటుకి పెదవి చిట్లింది. ఇద్దరూ నడుచుకుంటూ వచ్చారు. రన్‌వే కోసం వెనక్కి తిరిగి ఉంటే ఆ కాస్త ఎత్తులో వంపు ఎక్కువై, వేగం పడిపోయి, రెక్క స్టాలయ్యేది, అంటే గాలి మీద పట్టు తప్పేది. 60 డిగ్రీల వంపులో స్టాల్ వేగం 41 శాతం పెరుగుతుందని నువ్వు పరీక్షకి చదివే ఉంటావు. స్టాలయితే తేరుకోడానికి 300 అడుగులు ఏ మూలకి? సాయంత్రం ట్యాంకు ఖాళీ చేస్తే నీళ్లు చెంబులకొద్దీ వచ్చాయి. ఆయన ఆ గొట్టం చేతిలో తిప్పుకుంటూ హ్యాంగరు మెట్ల మీద కూర్చుండిపోయాడు. "చూసే కదయ్యా క్లీన్ అన్నాను" అని అదే మాట.

అందుకని గొట్టాన్ని తెల్ల కాగితానికి ఆనించి చూడు. వాసన చూడు. అనుమానముంటే కాగితం మీద రెండు చుక్కలు వెయ్యి, పెట్రోలయితే ఇట్టే ఆరిపోతుంది. 172ఎస్‌కి డ్రెయిన్లు 13, రెక్కకి 5 చొప్పున, ఇంజిన్ కింద 3. చలిలో వంగి వంగి నడుం పట్టేసినా అన్నీ పట్టు. రాత్రి వాన పడితే మూత తీసి రబ్బరు వేలితో తడిమి చూడు.

డిసెంబరు కనక హీటరు వేస్తావు. ఆ వేడి, ఇంజిన్ పొగ పోయే మఫ్లరు చుట్టూ తిరిగొచ్చే గాలిది. మఫ్లరు చీలితే కార్బన్ మోనాక్సైడ్ లోపలికి వస్తుంది. దానికి వాసన ఉండదు. అమ్మకు తలనొప్పి, నాన్నకు కునుకుపాటు అంటే ప్రయాణం బడలిక అనుకునేవు. వెంటనే హీటరు కట్టేసి, బయటిగాలి తెరిచి, దగ్గర్లో ఎక్కడ వీలైతే అక్కడ దిగిపో. ఆ వాయువు తగిలితే రంగు మారే అట్టముక్క మీద ఆధారపడకు, మోగే మీటరు కొనుక్కో.

గాల్వెస్టన్ తీరాన చలికాలంలో సముద్రం మీంచి పొగమంచు వస్తుంది. ఇల్లినాయ్ యూనివర్సిటీ వాళ్లు 1954లో, మబ్బులో ఎగరడం నేర్వని 20 మందిని మబ్బులో ఉన్నట్టే బయటేమీ కనపడకుండా చేసి ఎగరమన్నారు. అందరి చేతుల్లోనూ విమానం అదుపు తప్పింది, సగటున 178 సెకన్లలో. 1999 జూలై 16 రాత్రి అమెరికా అధ్యక్షుడు కెనడీ కొడుకు తనే నడుపుతూ భార్యనీ వదిననీ ఎక్కించుకుని సముద్రం మీదికి వెళ్లాడు. చీకటి, మసక. నింగికీ నీటికీ తేడా తెలీక ముగ్గురూ పోయారు.

అక్కడ మంచు కనపడితే మధ్యలో ఏ ఊళ్లోనైనా దిగి కారు మాట్లాడుకో. మీ నాన్న "ఇంత దూరం వచ్చి" అని సణుగుతాడు. ముందు రోజే ఇద్దరికీ చెప్పు, వెళ్తే వెళ్తాం, లేదంటే వెనక్కొచ్చేస్తాం అని. తిరుగు ప్రయాణం ఆదివారం సాయంత్రం పెట్టుకోకు, సోమవారం ఆఫీసుందన్న తొందర మనిషిని మబ్బులోకి తోస్తుంది. సోమవారం కూడా సెలవు పెట్టు. నాన్న అలిగితే నాకు ఫోన్ చెయ్యమను, నేను చూసుకుంటాను.

విమానం ఏదో తేలగానే దాని ఏడాది ఇన్‌స్పెక్షన్ ఎప్పుడయిందో, మఫ్లరు ఎప్పుడు చూశారో ఉన్న పేజీలు ఫోటో తీసి నాకు పంపు. ఇక్కడ అర్ధరాత్రి అయినా పరవాలేదు, చదివి చెబుతాను.

ఆశీస్సులతో
పెదనాన్న