సిక్స్త్ ఫామ్ బర్సరీ డబ్బు: దేనికి వాడొచ్చు, దేనికి కుదరదు, ముందే ఏం అడగాలి

మన ఇంటర్‌కి సరిపోయే ఇయర్ 12, ఇయర్ 13 చదువుని ఇంగ్లండ్‌లో సిక్స్త్ ఫామ్ అంటారు. ఆ వయసు పిల్లలకి స్కూలు ద్వారా అందే సాయం పేరు 16 టు 19 బర్సరీ ఫండ్. కొత్తగా వచ్చిన మన కుటుంబాలు దీన్ని ఈపాస్ స్కాలర్‌షిప్ లాంటిదే అనుకుంటాయి. అప్లై చేస్తే మంజూరవుతుంది, ఖాతాలో పడుతుంది, పడ్డాక మన ఇష్టం అనుకుంటాయి. తిప్పలన్నీ అక్కడే మొదలవుతాయి. ఫలానా ఖర్చు భరించలేక ఈ విద్యార్థి చదువు ఆగిపోతుందని స్కూలుకి అనిపిస్తే, ఆ ఖర్చు మేరకు ఇచ్చే డబ్బు ఇది. అందుకని ఫారం నింపేటప్పుడు ఎంతొస్తుందని కాకుండా, ఏ ఖర్చుకి అడుగుతున్నామని లెక్క రాసుకోండి.

ఇందులో రెండు రకాలున్నాయి. కేర్‌లో (తల్లిదండ్రుల బదులు ప్రభుత్వ సంరక్షణలో) ఉన్నవాళ్లు, కేర్ నుంచి బయటికొచ్చినవాళ్లు, తమ పేరు మీదే యూనివర్సల్ క్రెడిట్ (తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకి ప్రభుత్వమిచ్చే భత్యం) తీసుకుంటూ సొంతంగా బతుకుతున్నవాళ్లు, వైకల్యం వల్ల తమ పేరు మీదే పిప్ లేదా డీఎల్ఏ అనే వైకల్య భత్యంతో పాటు యూనివర్సల్ క్రెడిట్ పొందుతున్నవాళ్లు ఒక వర్గం. వీళ్లకి ఏడాదికి 1,200 పౌండ్ల వరకు రావచ్చు. "వరకు" అన్న మాట ముఖ్యం. అవసరం అంత లేదనుకుంటే స్కూలు తక్కువే ఇస్తుంది. కోర్సు 30 వారాల కంటే చిన్నదైతే ఆ మేరకు తగ్గిస్తుంది. మన పిల్లల్లో ఎక్కువమంది రెండో రకంలోకి వస్తారు. దాన్ని డిస్క్రిషనరీ బర్సరీ అంటారు. ఆదాయ పరిమితి, మొత్తం, ఇచ్చే పద్ధతి అన్నీ స్కూలే నిర్ణయించుకుంటుంది. పక్క ఊరి కాలేజీలో చదివే స్నేహితుడికి వచ్చింది కాబట్టి మనకీ వస్తుందనుకోవద్దు. మీ స్కూలు వెబ్‌సైట్‌లో బర్సరీ పాలసీ అనే కాగితం ఉంటుంది. ముందు అది చదవండి. వయసు ఆ విద్యా సంవత్సరం మొదలయ్యే ముందు ఆగస్టు 31 నాటికి 16 నిండి 19 లోపు ఉండాలి. అప్రెంటిస్‌షిప్ చేస్తున్నవాళ్లకి ఇది రాదు, వాళ్లని ఉద్యోగులుగానే చూస్తారు.

ఇక అందరూ అడిగే వీసా సంగతి. స్కిల్డ్ వర్కర్ మీదో, హెల్త్ అండ్ కేర్ వర్కర్ మీదో వచ్చినవాళ్ల వీసా షరతుల్లో పబ్లిక్ ఫండ్స్ తీసుకోరాదని ఉంటుంది. ఇమ్మిగ్రేషన్ నిబంధనల్లో పబ్లిక్ ఫండ్స్ అంటూ పేర్కొన్నవి యూనివర్సల్ క్రెడిట్, చైల్డ్ బెనిఫిట్, హౌసింగ్ బెనిఫిట్ వంటివి. చదువు, చదువుకిచ్చే సాయం అందులోకి రావు. కాబట్టి బర్సరీ కోసం అడిగినంత మాత్రాన వీసాకి ముప్పు లేదు. అయితే స్కూలు నివాస అర్హతని వేరేగా చూస్తుంది. దాన్ని పాస్‌పోర్టు, ఈవీసా షేర్ కోడ్‌తో (మీ వీసా వివరాలు ఆన్‌లైన్లో చూపే కోడ్) తేలుస్తారు. షేర్ కోడ్ 90 రోజులే పనిచేస్తుంది, జూన్‌లో తీసింది సెప్టెంబరు చివర్లో చూపిస్తే చెల్లదు. కొత్తది తీసి ఇవ్వండి.

ఇక్కడే ఒక పెద్ద ప్రమాదం ఉంది. బర్సరీ ఫారంలో ఆదాయ రుజువు కింద మొదటి గడిలోనే యూనివర్సల్ క్రెడిట్ స్టేట్‌మెంట్ అడుగుతారు. అది లేకపోతే ఫారం తిరిగొస్తుందేమోనని కొందరు యూనివర్సల్ క్రెడిట్‌కో, చైల్డ్ బెనిఫిట్‌కో అప్లై చేసేస్తారు. మీ వీసాలో ఆ షరతు ఉంటే దయచేసి ఆ పని చేయకండి. అదే అసలైన ఉల్లంఘన, రేపు వీసా పొడిగింపులో, ఐఎల్ఆర్ (శాశ్వత నివాస అనుమతి) దగ్గర అడ్డొస్తుంది. ఆ గడి ఖాళీగా వదిలి, "పబ్లిక్ ఫండ్స్‌కి అర్హత లేదు, జీతం కాగితాలు జతచేశాం" అని రాయండి. పీ60 (ఏడాది జీతం, పన్ను చూపే కాగితం) ఉంటే అది సరిపోతుంది. ఏప్రిల్ 5తో ముగిసే పన్ను సంవత్సరానికి మీ కంపెనీ మే 31 లోపు ఇవ్వాలి. వచ్చి ఏడాది కాలేదు కాబట్టి పీ60 లేకపోతే వరుసగా మూడు నెలల పేస్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంటు ఇస్తామని బర్సరీ చూసే ఆఫీసుకి మెయిల్ పెట్టండి. భార్యాభర్తలిద్దరూ పనిచేస్తుంటే ఇద్దరివీ ఇవ్వాలి. ఒకరిది దాచి, తర్వాత బయటపడితే ఇచ్చింది తిరిగి కట్టమంటారు.

సెప్టెంబరు మొదటి వారంలోనే ఫారం ఇచ్చేయడం మంచిది. స్కూలు చేతిలో ఉన్న మొత్తం పరిమితం, ముందొచ్చినవాళ్లకి పంచేశాక మిగిలేది తక్కువ. అలాగని గడువు దాటిందని వదిలేయక్కర్లేదు. మధ్యలో ఉద్యోగం పోయినా, స్పాన్సరు లైసెన్సు రద్దయినా, ఇంట్లో ఒకరి జీతం ఆగినా, పరిస్థితి మారిందని రాసి మళ్లీ అడగొచ్చు. ఇది అప్పు కాదు, తిరిగి కట్టక్కర్లేదు. ఇంట్లో వేరే బెనిఫిట్లు వస్తున్నవాళ్లకి దీనివల్ల అవి తగ్గవు కూడా.

ఇప్పుడు ఖర్చుల దగ్గరికి వద్దాం. అన్నిటికంటే సులువుగా ఒప్పుకునేది, అన్నిటికంటే ఎక్కువ మిగిల్చేది ప్రయాణం. ఇంగ్లండ్‌లో చాలా బస్సుల్లో ఒకవైపు టికెట్ 3 పౌండ్లకి మించదు. చవకే అనిపిస్తుంది. కానీ రోజుకి రెండుసార్లు, ఏడాదికి 190 బడి రోజులు లెక్కేస్తే 1,140 పౌండ్లవుతుంది. రోజూ టికెట్ కొని రసీదులు పోగేసి ఇస్తే స్కూలు తలపట్టుకుంటుంది. అదే బస్సు కంపెనీ విద్యార్థులకిచ్చే టర్మ్ పాస్ ధర కనుక్కుని, దాన్నే కొనిపెట్టమని అడిగితే చాలా తక్కువలో పనవుతుంది, స్కూలూ వెంటనే ఒప్పుకుంటుంది. మీ కౌన్సిల్ (స్థానిక ప్రభుత్వం) 16 ఏళ్లు దాటిన విద్యార్థుల రవాణా విధానాన్ని ఏటా మే 31 లోపు ప్రచురించాలి. అందులో రాయితీ పాసులుంటాయి, అది చూశాకే బర్సరీకి రండి. లండన్ బరోల్లో ఉంటే 16 ప్లస్ జిప్ ఆయిస్టర్ కార్డుతో బస్సులు, ట్రాములు ఉచితం. కాబట్టి ఆ కార్డు తీసుకోకుండా బస్సు డబ్బులు అడిగితే ఇవ్వరు. ట్యూబ్, రైలు భాగానికైతే అడగొచ్చు.

రైలెక్కి వెళ్లే పిల్లలకి 16-17 సేవర్ కార్డు ఉంది. సీజన్ టికెట్‌తో సహా సగం ధరకే వస్తుంది. 18వ పుట్టినరోజుకి దాని ఆయుష్షు తీరుతుంది. ఆ తర్వాత 16-25 రైల్‌కార్డు తీసుకుంటే మూడో వంతు రాయితీయే, పైగా సోమవారం నుంచి శుక్రవారం దాకా ఉదయం 4:30 నుంచి 10 గంటల మధ్య 12 పౌండ్ల కనీస ఛార్జీ ఉంటుంది (జూలై, ఆగస్టుల్లో తప్ప). అంటే బడికెళ్లే వేళలో ఆ కార్డు చిన్న దూరాలకి పనికిరాదు. ఇయర్ 13 మధ్యలో పుట్టినరోజు వచ్చే పిల్లలకి ఒక్కసారిగా రైలు ఖర్చు పెరిగేది ఇందుకే. ఆ నెల రాకముందే స్కూలుకి చెప్పి ప్రయాణానికిచ్చే డబ్బుని సవరించమని అడగండి. యూనివర్సిటీ ఇంటర్వ్యూలకి, ఓపెన్ డేలకి వెళ్లే టికెట్లూ చాలా స్కూళ్లు ఇస్తాయి, బుక్ చేయకముందే అడిగితేనే.

మధ్యాహ్న భోజనానికి ముందుగా ఉచిత స్కూల్ మీల్స్‌కి అప్లై చేయండి, ఆ ఫారం వేరు. పబ్లిక్ ఫండ్స్ షరతున్న కుటుంబాలకి కూడా ఆదాయం, పొదుపు పరిమితులకి లోబడి స్కూల్లో అది దొరుకుతుంది. అక్కడ రాకపోతే బర్సరీ నుంచి బడి రోజుల భోజనం అడగండి. చాలా స్కూళ్లు క్యాంటీన్ కార్డులోనే రోజువారీ మొత్తం వేస్తాయి, ఆ రోజు వాడకపోతే మర్నాటికి నిలవదు. ఇంటినుంచి పులిహోర డబ్బా కట్టిస్తూ ఆ డబ్బుని వారాంతానికి దాచుకుందామంటే కుదరదు.

పుస్తకాల్లో జరిగే తప్పు ఎప్పుడూ ఒకటే: బోర్డు చూడకుండా కొనేయడం. ఏ లెవెల్ (A Level, సిక్స్త్ ఫామ్‌లో చదివే కోర్సు) కెమిస్ట్రీ అంటే ఒక్కటి కాదు, పరీక్ష బోర్డుల్లో ఏక్యూఏ వేరు, ఓసీఆర్ ఏ వేరు, ఎడెక్సెల్ వేరు. మన దగ్గర తెలుగు అకాడమీ పుస్తకం ఒక్కటుంటే చాలన్న అలవాటుతో దొరికిన పుస్తకం కొంటే, అటు డబ్బు పోతుంది, ఇటు పాఠంతో పొంతన కుదరదు. స్కూలు ఇచ్చే జాబితాలో బోర్డు పేరు, ఇయర్ 1 పుస్తకమా ఇయర్ 2 పుస్తకమా అన్నది సరిచూసుకోండి. బర్సరీతో కొన్నవి కోర్సు అయ్యాక తిరిగి ఇవ్వమనే స్కూళ్లున్నాయి, పేజీల మీద పెన్నుతో రాయకండి.

కాలిక్యులేటర్ గురించి కాస్త వివరంగా చెప్పాలి. ఏ లెవెల్ మ్యాథ్స్‌కి బైనామియల్, నార్మల్ డిస్ట్రిబ్యూషన్ల సంభావ్యతలు నేరుగా ఇచ్చే యంత్రం కావాలి. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కొని పెట్టెలో పెట్టుకొచ్చిన క్యాసియో ఎఫ్ఎక్స్-991ఎంఎస్, 991ఈఎస్ ప్లస్ ఇందుకు సరిపోవు, బైనామియల్ వాటిలో లేదు. 991ఈఎక్స్ లేదా 991సీడబ్ల్యూ అయితే చాలు, ఆ రెండింటిలో ఏదైనా ఇండియాలో కొన్నదున్నా అదే వాడొచ్చు. ఫర్దర్ మ్యాథ్స్ పిల్లలు కొందరు గ్రాఫ్ కాలిక్యులేటర్ కావాలంటారు, దాని ధర 100 పౌండ్లు దాటుతుంది. అది సౌకర్యమేగానీ తప్పనిసరి కాదు. టీచర్ రాసిస్తే తప్ప బర్సరీ నుంచి రాదు, వచ్చినా అరువుగానే ఇస్తారు.

కోర్సుకి తప్పనిసరైన బట్టలు, సామాను దీని కిందికే వస్తాయి: ల్యాబ్ కోటు, ఆర్ట్ పిల్లల స్కెచ్‌బుక్కులు, రంగులు, కేటరింగ్ వాళ్ల తెల్ల దుస్తులు, నిర్మాణ కోర్సుల సేఫ్టీ బూట్లు, హెల్త్ అండ్ సోషల్ కేర్ ప్లేస్‌మెంటుకి ట్యూనిక్. సిక్స్త్ ఫామ్‌లో సూటు వేసుకోవాలన్న నియమముంటే అది కూడా అడగొచ్చు. ల్యాప్‌టాప్ విషయంలో సొంతానికి కొనివ్వడం కంటే స్కూలు తనది అరువివ్వడమే ఎక్కువ. దుకాణంలో కొనేసి బిల్లు తెచ్చి చూపిస్తే వెనక్కి పంపించేస్తారు.

ట్రిప్పుల్లో గీత ఎక్కడంటే, కోర్సుకి అది తప్పనిసరా అన్న దగ్గర. ఏ లెవెల్ జాగ్రఫీకి కనీసం నాలుగు రోజుల ఫీల్డ్‌వర్క్ ఉండాలి, కాబట్టి దాని ఖర్చు అడగడంలో మొహమాటం వద్దు. స్కీయింగ్ ట్రిప్పు, వీడ్కోలు విందు, లీవర్స్ హూడీ, డ్రైవింగ్ పాఠాలు, ఫోను బిల్లు, ప్రైవేటు ట్యూషన్, ఇంటి అద్దె, కరెంటు, ఇంట్లో సరుకులు, ఇవేవీ రావు. తమ్ముడి యూనిఫాంకీ, ఊళ్లో నానమ్మకి పంపడానికీ ఈ డబ్బు మళ్లించకూడదు. స్కూలు ఎప్పుడైనా రసీదు అడగొచ్చు, ఒక కవరులో అన్నీ భద్రపరచండి.

మెడిసిన్ అనుకుంటున్న పిల్లలున్న ఇళ్లలో చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. యూక్యాట్ అనే మెడిసిన్ ప్రవేశ పరీక్షకి నిర్వాహకులే ఒక బర్సరీ ఇస్తారు, పరీక్ష ఫీజు అందులో పోతుంది. 16-19 బర్సరీ పొందుతున్నట్టు స్కూలు ఇచ్చిన ఉత్తరం ఉంటే దానికి రుజువుగా పనిచేస్తుంది. పరీక్ష ఇయర్ 12 అయ్యాక వేసవిలో మొదలవుతుంది, బళ్లు మూసేశాక ఆ ఉత్తరం ఇచ్చేవాళ్లు దొరకరు. జూన్‌లోనే స్కూలు లెటర్‌హెడ్ మీద తీసుకుని, ఫీజు కట్టకముందే అప్లై చేయండి. ఉచిత స్కూల్ మీల్స్ పొందే పిల్లలకి యూకాస్ (యూనివర్సిటీ దరఖాస్తులు తీసుకునే సంస్థ) అప్లికేషన్ ఫీజు కూడా మాఫీ, 2025 ప్రవేశాల నుంచి.

డబ్బు రూపంలో ఇస్తే విద్యార్థి సొంత ఖాతాలోనే వేస్తారు, నాన్న ఖాతా నంబరు రాస్తే ఫారం ఆగిపోతుంది. కొత్తగా వచ్చినవాళ్లకి ఖాతా తెరవడంలోనే వారాలు పోతాయి, కాబట్టి అడ్మిషన్ అయిన రోజే స్కూలు నుంచి చిరునామా ధ్రువీకరించే ఉత్తరం తీసుకుని బ్యాంకుకి వెళ్లండి. మొత్తం ఒకేసారి రాదు, వారానికో నెలకో టర్ముకో విడతలుగా వస్తుంది.

విడతలు ఆగడానికి మొదటి కారణం హాజరు. జబ్బు చేసి మానేస్తే ముందే చెప్పి, కాగితం ఇస్తే నష్టం లేదు. కానీ సంక్రాంతికి ఊరెళ్లడం, బంధువుల పెళ్లికి రెండు వారాలు వెళ్లడం అనుమతి లేని సెలవు కిందికే వస్తుంది, ఆ వారాల డబ్బు ఆపేస్తారు. తప్పని ప్రయాణమైతే టికెట్లు కొనకముందే హెడ్ ఆఫ్ సిక్స్త్ ఫామ్‌ని అడిగి, జవాబు మెయిల్లో తీసుకోండి.

ఇయర్ 12లో వచ్చింది కదా అని ఇయర్ 13లో దానంతటదే కొనసాగదు, సెప్టెంబరులో మళ్లీ కొత్త ఫారం, కొత్త ఆదాయ కాగితాలు ఇవ్వాలి. తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా అడగండి, అప్పీలు ఎలా చేసుకోవాలో పాలసీలో చూడండి. స్కాట్లండ్‌లో, వేల్స్‌లో ఉన్నవాళ్లకి ఈ నిబంధనలేవీ వర్తించవు, అక్కడ ఈఎంఏ అనే విద్యార్థి భత్యం ఉంది. ఇంగ్లండ్‌లో 2011లో ఎత్తేసింది అదే. అర్హత ఉంటే స్కాట్లండ్‌లో వారానికి 30, వేల్స్‌లో 40 పౌండ్లు నేరుగా ఖాతాలో పడతాయి, రసీదులడగరు, హాజరు మాత్రం అక్కడా లెక్కే.