ట్రాకేనర్ డ్రెస్సాజ్ స్టాలియన్ల వంశం ఎక్కడిది? నేను లాయంలో నేర్చుకున్నది

టోటిలాస్ అనే పేరున్న పోటీ గుర్రం వీడియో చూశాక మీకు వచ్చిన ప్రశ్న ఇది: ట్రాకేనర్ జాతి మగ గుర్రాల వంశం ఎక్కడ మొదలైంది, డ్రెస్సాజ్‌లో (రౌతు చిన్న సైగలకే గుర్రం లయగా అడుగులు వేసి చూపించే పోటీలో) ఆ రక్తం ఇప్పుడు ఎక్కడ మిగిలింది, స్టాలియన్ (విత్తనానికి వాడే మగ గుర్రం) పేరు చూసి పిల్లను అంచనా వేయొచ్చా? నేను పశువైద్యం చదివాక ఉత్తర జర్మనీలోని ష్లెస్విగ్-హోల్‌స్టైన్‌లో ఒక గుర్రాల ఫారంలో ఆరేళ్లు పని చేశాను. అక్కడి గుర్రాల్లో సగానికి పైగా ట్రాకేనర్లే. లద్దె ఎత్తడం దగ్గర్నుంచి, ఈనే గుర్రాల పక్కన రాత్రంతా మేలుకుని కూర్చోవడం దాకా అన్నీ చేశాను. ఆ అనుభవంతో చెబుతున్నాను.

ముందే ఒక మాట. మీరు మగ గుర్రాల గురించి అడిగారు, నేను తల్లుల గురించే ఎక్కువ రాస్తాను. పాడిని చూసి బర్రెను, తల్లిని చూసి పిల్లను తెచ్చుకోవాలని మనవాళ్లు అంటారు కదా, ట్రాకేనర్ పెంపకందారులు సరిగ్గా అదే నమ్ముతారు. గుర్రాలకు పేర్లు కూడా ఆ నమ్మకంతోనే పెడతారు.

ప్రష్యా రాజు ఒకటో ఫ్రెడరిక్ విల్‌హెల్మ్ 1732లో తూర్పు ప్రష్యాలోని ట్రాకేనెన్‌లో ఈ జాతిని పెంచే ఫారం పెట్టించాడు. ఇప్పుడది రష్యాలో, కలీనిన్‌గ్రాద్ ప్రాంతంలో ఉంది. ఊరి పేరు కూడా మారి యాస్నయా పొల్యానా అయింది. చిత్తడి నేలను ఎండగట్టి పచ్చిక బయళ్లు చేశారు. సైన్యానికి రోజుల తరబడి నడిచినా అలసిపోని, తేలికైన, వేగమైన గుర్రం కావాలి. స్థానికంగా ష్వైకే అనే చిన్న గట్టి గుర్రం ఉండేది. దాని మీదికి అరబ్బీ రక్తాన్ని, ఇంగ్లండ్ పందెపు గుర్రాల రక్తాన్ని ఎక్కించారు. ఇప్పటికీ వంశపత్రంలో పేరు పక్కన రెండు ఎక్స్‌లు ఉంటే అది ఇంగ్లిష్ థరోబ్రెడ్, ఓఎక్స్ ఉంటే అరబ్బీ. 1787 నుంచి ఫారం గుర్రాల తొడ మీద దుప్పి జాతికి చెందిన ఎల్క్ కొమ్ము ముద్ర వేసేవారు. బయటి రైతుల గుర్రాలకు జంట కొమ్ముల ముద్ర వచ్చింది. మా ఫారంలో ముసలి గుర్రాల ఎడమ తొడ మీద ఆ జంట కొమ్ములు చేత్తో తడిమితే తెలిసేవి. చలికాలంలో బొచ్చు పెరిగి ముద్ర కంటికి ఆనకపోయినా వేళ్లకు తగిలేది. ఇప్పటి పిల్లలకు మెడలో మైక్రోచిప్ పెడుతున్నారు.

డ్రెస్సాజ్ వైపు వంశం తవ్వుకుంటూ పోతే తప్పకుండా తగిలే పేరు పర్ఫెక్షనిస్ట్. ఇంగ్లండ్ డర్బీ పందెం గెలిచిన పర్సిమన్ కొడుకు. ట్రాకేనెన్‌లో ఉన్నది కొద్ది సీజన్లే. అయినా 1905లో దానికి పుట్టిన టెంపెల్‌హ్యూటర్ ఆ జాతికే మూలపురుషుడిలా నిలిచింది. 1932లో ఫారానికి 200 ఏళ్లు నిండినప్పుడు అధికారి ఇంటి ముందు దాని కంచు విగ్రహం పెట్టారు. యుద్ధం తర్వాత ఆ విగ్రహం మాస్కోకి పోయింది. దాని నకలు జర్మనీలో ఫెర్డెన్ పట్టణంలో గుర్రాల మ్యూజియం దగ్గర ఉంది. నేను చూడ్డానికి వెళ్లిన రోజు చినుకులు పడుతున్నాయి, అయినా గంటసేపు అక్కడే నిలబడ్డాను. వాలుగా వెనక్కి సాగిన భుజం, పొడవైన మెడ, ఎక్కడా అనవసరమైన కండ లేని కాళ్లు. ఇప్పటి డ్రెస్సాజ్ గుర్రంలో జడ్జీలు వెతికేది ఇదే కదా అనిపించింది.

ఇక పేర్ల సంగతి. ట్రాకేనర్ పిల్ల పేరు తల్లి పేరులోని మొదటి అక్షరంతో మొదలవ్వాలి. టెంపెల్‌హ్యూటర్ తల్లి టైష్‌రోజ. టెంపెల్‌హ్యూటర్ కూతురు పెష్‌మరీ, ఆమె కొడుకు ట్రాకేనెన్ చివరి రోజుల్లో పెద్ద పేరు తెచ్చుకున్న పిథాగొరాస్. హనోవర్ అనే మరో జర్మన్ గుర్రపు జాతిలో తండ్రి అక్షరం నడుస్తుంది. ఇక్కడ తల్లి అక్షరం ఇంటిపేరులా దిగుతూ వస్తుంది.

నేను చేరిన మొదటి శీతాకాలంలో ఫారం యజమానురాలు, డెబ్బై దాటిన ఆవిడ, ఒక వంశపత్రం నా ముందు పరిచారు. పైన సగం తండ్రి వైపు, కింద సగం తల్లి వైపు. నేను పైనున్న పెద్ద పేర్లు గబగబా చదవబోయాను. ఆవిడ అరచేత్తో పై సగం మూసేసి, "కింద నుంచి చదువు" అన్నారు. అట్టడుగు వరసలో తల్లి, దాని తల్లి, దాని తల్లి, అందరివీ ఒకే అక్షరం పేర్లు. ఒక్కో పేరు దగ్గర వేలు ఆపి, ఇది ఎన్ని పిల్లల్ని ఈనింది, ఇది ఎంత వయసు దాకా స్వారీ చేయించుకుంది, దీనికి ఊపిరితిత్తుల ఇబ్బంది వచ్చింది అని చెప్పుకుంటూ పోయారు. చివరి పేరు దగ్గర ఆగి, "ఇది మంచు మీద నడిచొచ్చింది" అన్నారు.

ఆ మాట అర్థం కావాలంటే 1944-45 తెలియాలి. సోవియట్ సైన్యం దగ్గరికి వస్తుంటే 1944 అక్టోబరులో ట్రాకేనెన్ ఫారాన్ని ఖాళీ చేశారు. రైతులకు మాత్రం బయల్దేరడానికి ఆలస్యంగా అనుమతి దొరికింది. 1945 జనవరి చలిలో ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు బళ్లు కట్టుకుని పడమరకు బయల్దేరారు. ఆ బళ్లు లాగినవి ఎక్కువగా చూడితో ఉన్న తల్లి గుర్రాలే. ఫ్రిషెస్ హాఫ్ అనేది మన పులికాట్ లాంటి ఉప్పునీటి సరస్సు, అప్పుడు గడ్డకట్టి ఉంది. దాని మీదుగా దాటుతుంటే పైనుంచి విమానాలు కాల్చాయి, మంచు పగిలి బళ్లకు బళ్లే మునిగాయి. మిగిలినవి వెయ్యి కిలోమీటర్ల దాకా నడిచాయి. పశ్చిమ జర్మనీకి చేరిన తల్లి గుర్రాలు వెయ్యి కూడా లేవు. 1947లో ఫ్రిట్జ్ షిల్కే వంటి వాళ్లు సంఘం పెట్టి, చెల్లాచెదురైన గుర్రాలను ఒక్కొక్కటిగా వెతికి పట్టుకుని పుస్తకంలో రాసుకున్నారు. ఈరోజు మీరు చూసే జర్మన్ ట్రాకేనర్లు చాలా మటుకు ఆ కొద్దిపాటి గుర్రాల సంతానమే. చచ్చేంత నడక నడిచి బతికినవే మిగిలాయి. ఈ జాతి దమ్ము గురించి ఎవరైనా మాట్లాడితే నాకు ముందు ఆ సరస్సే గుర్తొస్తుంది.

సోవియట్ల చేతికి చిక్కిన గుర్రాలూ వృథా కాలేదు. రొస్తోవ్ ప్రాంతంలోని కిరోవ్ ఫారంలో వాటి సంతతిని పెంచారు. అక్కడ పిలిగ్రిమ్ అనే స్టాలియన్‌కు పుట్టిందే నల్లని పెపెల్. రష్యన్‌లో పెపెల్ అంటే బూడిద. యెలేనా పెతుష్కోవా దాని మీద 1970లో ప్రపంచ చాంపియన్ అయింది. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో జట్టు బంగారం, వ్యక్తిగత వెండి తెచ్చింది. ఆమె జీవరసాయన శాస్త్రవేత్త కూడా. ప్రయోగశాల పని, లాయం పని రెండూ చేసిన మనిషి అంటే నాకు ప్రత్యేకమైన గౌరవం.

డ్రెస్సాజ్‌లో ఈ పేరు యుద్ధానికి ముందే ఉంది. 1936 బెర్లిన్‌లో వ్యక్తిగత బంగారం తెచ్చిన క్రోనోస్ తూర్పు ప్రష్యా గుర్రమే. యుద్ధం తర్వాత పేరు కన్నా రక్తం ఎక్కువ తిరిగింది. ఈ జాతి పుస్తకంలోకి థరోబ్రెడ్, అరబ్బీ రక్తాలు తప్ప ఇంకేదీ రానివ్వరు. కానీ ఇక్కడి స్టాలియన్లను మిగతా జాతులవాళ్లు తీసుకుపోయి తమ బరువైన గుర్రాలను తేలిక చేసుకుంటారు. 1942లో పుట్టిన అబ్‌గ్లాంజ్ అలాగే సెల్లె ప్రభుత్వ ఫారానికి వెళ్లి హనోవర్ జాతి మీద చెరగని ముద్ర వేసింది. అందుకే పేరులో ట్రాకేనర్ అని లేకపోయినా ఈ రక్తం ఉన్న గుర్రాలు లెక్కకు మిక్కిలి. సొంత పేరుతో నిలబడ్డ స్టాలియన్ కావాలంటే పెరోన్ ఉంది. 1996 అట్లాంటాలో మిషెల్ గిబ్సన్ దాని మీద అమెరికా జట్టుకు కంచు పతకంలో భాగం అందించింది.

ఇప్పుడు మీ టోటిలాస్. కొస్తొలానీ అనే ట్రాకేనర్ స్టాలియన్ కొడుకు గ్రిబాల్దీ. అది గొండోలా కొడుకు కాబట్టి 'గ' అక్షరం. గ్రిబాల్దీ నెదర్లాండ్స్‌కు వెళ్లింది, ఎడ్వర్డ్ గాల్ దాని మీద గ్రాండ్ ప్రీ అనే అత్యున్నత స్థాయిలో స్వారీ చేశాడు. దానికి ఒక డచ్ ఆడ గుర్రంతో 2000లో పుట్టిందే టోటిలాస్. డచ్ పద్ధతిలో పుట్టిన ఏడాదికి ఒక అక్షరం, 2000కి 'ట' వచ్చింది. గాల్‌తో 2009 డిసెంబరులో లండన్‌లో సంగీతానికి అడుగులు వేసే ఫ్రీస్టైల్‌లో 92.30 శాతం తెచ్చుకుంది, 2010లో లెక్సింగ్టన్ ప్రపంచ క్రీడల్లో మూడు బంగారాలు. తర్వాత జర్మనీకి అమ్మారు. గాయాల వల్ల 2015లో పోటీలు ఆగిపోయాయి, 2020లో కడుపునొప్పితో చనిపోయింది. ముందు కాళ్లు అంతెత్తున విసిరే ఆ నడక మీద ఎన్నో వాదనలు జరిగాయి. నా మటుకు నేను ఒక గుర్రంలో మొదట చూసేది వెనక కాళ్ల పని.

అదే గ్రిబాల్దీకి ఈజీ గేమ్ అనే కొడుకు. ఈజీ గేమ్ కూతురు డలేరా. తల్లి డార్క్ మ్యాజిక్ కాబట్టి 'డ'. జెస్సికా ఫాన్ బ్రెడో-వెర్న్‌డల్‌తో టోక్యోలో రెండు బంగారాలు, 2024 పారిస్‌లో రెండు బంగారాలు. మన లెక్కలో టోటిలాస్ డలేరాకు తండ్రి అన్నదమ్ముల వరస. గుర్రాలవాళ్ల లెక్కలో అసలు వరసే లేదు. తండ్రి ఒక్కటైతే తోబుట్టువులు అనరు, ఒకే తల్లి కడుపున పుడితేనే అంటారు. ఈ స్టాలియన్ల వారసత్వం ఎక్కడుందని అడిగితే నేను డలేరానే చూపిస్తాను. అది ఆడ గుర్రం.

స్టాలియన్ పేరు చూసి అంచనా వేయొచ్చా అన్నదానికి నేను చేసిన తప్పు చెబుతాను. మా దగ్గర చాలా చురుకైన, చీమ చిటుక్కుమన్నా ఉలిక్కిపడే ఒక తల్లి గుర్రం ఉండేది. ఎదకు వచ్చినప్పుడు ఏ స్టాలియన్ విత్తనం తెప్పించాలని మాట్లాడుకుంటుంటే, వీడియోల్లో అద్భుతంగా కాళ్లు విసిరే ఒకదాని కోసం నేను పట్టుబట్టాను. ఆవిడకు ఇష్టం లేకపోయినా సరే అన్నారు. పదకొండు నెలలకు మగపిల్ల పుట్టింది. పచ్చికలో దాని ట్రాట్ (జంట అడుగుల పరుగు) చూసి పక్క ఊళ్ల నుంచి కూడా వచ్చి ఫోటోలు తీసుకునేవారు. మూడేళ్లకు జీను వేశాక అసలు సంగతి బయటపడింది. వీపు బిగబట్టేది, నోట్లో కళ్లెం నిలవనిచ్చేది కాదు, పది నిమిషాలకే ఒళ్లంతా చెమట. స్వారీ నేర్పే అమ్మాయికి రోజూ టెన్షనే. తల్లిలో ఉన్న బెదురుకు తండ్రి బెదురు తోడైంది. చివరికి విత్తులు తీయించి, ఓపికగా చూసుకునే ఇంటికి తక్కువ ధరకు ఇచ్చేశాం.

ఆ అక్టోబరులో ఆవిడ నన్ను నొయ్‌మ్యూన్‌స్టర్ తీసుకెళ్లారు. రెండున్నరేళ్ల మగ పిల్లల్లో స్టాలియన్లుగా పనికొచ్చేవి ఏవో అప్పట్లో ఏటా అక్కడే తేల్చేవారు. ముందు గట్టి నేల మీద నడిపిస్తారు. నాలుగు గిట్టల చప్పుడు సమంగా వినిపిస్తుందా అని జనం మాట్లాడకుండా వింటారు. తర్వాత హాల్లో వదిలేసి పరిగెత్తిస్తారు, దూకిస్తారు. అందరూ కేటలాగులో తండ్రి పేరు చూస్తుంటే ఆవిడ పెన్సిల్‌తో తల్లుల కింద గీతలు గీస్తున్నారు. ఆ తల్లి గుర్రానికి తర్వాతి ఏడు ఆవిడ ఎంచిన స్టాలియన్‌ది అంత గొప్ప ట్రాట్ కాదు. నెమ్మదైన మనసు, బలమైన వెనక కాళ్లు. దాని తల్లి, అమ్మమ్మ ఇద్దరూ పదిహేనేళ్లు దాటాక కూడా పోటీల్లో తిరిగినవి.

ఏప్రిల్‌లో తెల్లవారుజామున మూడింటికి ఆడపిల్ల పుట్టింది. గడ్డితో ఒళ్లు తుడుస్తున్నా కదలకుండా నిలబడి నా మోచేతిని నాకడానికి చూసింది. పొద్దున ఆవిడ వచ్చి తల్లి వంశపత్రం తెరిచి, అదే అక్షరంతో ఏం పేరు పెడదామని నన్నే అడిగారు.