సేల్స్ ఏజెన్సీని మానేసి ఏఐతో కోల్డ్ ఈమెయిల్స్ (పరిచయం లేని కంపెనీలకు అమ్మకాల కోసం రాసే మెయిళ్లు) పంపించవచ్చా?

చాలావరకు పంపించవచ్చు. కంపెనీల జాబితా తయారీ, ఒక్కొక్కరికీ తగ్గట్టు మెయిల్ రాయడం, జవాబు రాకపోతే మళ్లీ గుర్తుచేయడం, ఇవన్నీ సాఫ్ట్‌వేర్‌కి అప్పజెప్పదగ్గ పనులే. జాబితా గూగుల్ షీట్‌లో పెట్టి, ఎన్‌ఎయిట్‌ఎన్ లాంటి ఆటోమేషన్ టూల్‌ని సొంత సర్వర్ మీద నడుపుతూ, డ్రాఫ్ట్ రాయడానికి ఏదైనా ఏఐ మోడల్ ఏపీఐని (ఒక సాఫ్ట్‌వేర్ మరోదాన్ని వాడుకునే దారి) కలిపితే సరిపోతుంది. సర్వర్ అద్దె, ఏపీఐ వాడకం, మెయిల్‌బాక్సులు, ఇంతే ఖర్చు.

అసలు టెన్షన్ రాయడం దగ్గర కాదు, మెయిల్ ఇన్‌బాక్స్‌కి చేరడం దగ్గర. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్ నిబంధనలు బిగిశాయి. జీమెయిల్ అడ్రస్‌లకు రోజుకు 5,000 లేదా అంతకు మించి మెయిళ్లు పంపేవాళ్లకు ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ (మెయిల్ నిజంగా మీ నుంచే వచ్చిందని రుజువు చేసే సెట్టింగులు) మూడూ ఉండాలి. తక్కువ పంపినా మూడూ పెట్టుకోవడమే మంచిది. స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతానికి చేరకూడదు. అంటే వెయ్యిమందిలో ముగ్గురు స్పామ్ అని నొక్కినా ఇబ్బందే. అందుకే ఈ మెయిళ్లకు మీ మెయిన్ డొమైన్ (మెయిల్ అడ్రస్‌లో @ తర్వాత వచ్చే పేరు) వాడకుండా వేరేది తీసుకోండి, రోజుకు పాతిక ముప్పైతో మొదలుపెట్టి మెల్లగా పెంచండి.

ఏఐతో ఇంకో పేచీ ఉంది. తెలియనిది కూడా ధీమాగా రాసేస్తుంది. లేని బ్రాంచి తెరిచినందుకు అభినందనలు చెబితే పోయేది మీ పరువే! మొదట్లో ప్రతి డ్రాఫ్టూ మనిషి చూశాకే వెళ్లాలి. లింక్డ్‌ఇన్‌లో మాత్రం బాట్లు వద్దు, వాళ్ల షరతులు ఒప్పుకోవు. ఎస్‌ఎంఎస్‌లు పంపాలంటే టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనల ప్రకారం డీఎల్‌టీ రిజిస్ట్రేషన్ (కంపెనీ పేరునీ, మెసేజ్ నమూనానీ టెలికాం కంపెనీల దగ్గర నమోదు చేయించడం) కావాలి.

ఏజెన్సీవాళ్లు ఫోన్‌లో మాట్లాడి మీటింగులు కూడా ఖాయం చేస్తుంటే, ఆ పనికి మీ దగ్గర ఒక మనిషి కుదిరాకే మానేయండి.