పాఠకుల ప్రశ్నలు: మత్తు సరుకు దేశాలు దాటి వస్తోంది, ఆపేదెవరు?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి సగం డ్రగ్స్ మీదే. అడిగిన తీరు వేరైనా అందరి మనసులో ఉన్నది ఒకటే: ఇంత పోలీసు, ఇంత నేవీ, ఇన్ని కంచెలు ఉండగా ఇది లోపలికి ఎలా వస్తోంది, పక్క దేశాలు ఏం చేస్తున్నాయి అని. అందుకే వాటినన్నిటినీ ఒకచోట పెట్టి జవాబు రాస్తున్నాం.

ప్రశ్న: 2021లో ముంద్రా పోర్టులో హెరాయిన్ దొరికినప్పుడు మా విజయవాడ పేరు దేశమంతా వినబడింది, తలెత్తుకోలేకపోయాం. అంత సరుకు రెండు దేశాలు దాటి వచ్చేదాకా ఎవరికీ తెలియలేదా? ఆ దేశాలతో మనకు మాటలే లేవా? – ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు, విజయవాడ

జవాబు: మాస్టారూ, ముందు మీ ఊరి సంగతి తేల్చేద్దాం. సరుకు తెప్పించుకున్నట్టు కాగితాల్లో ఉన్న కంపెనీకి సత్యనారాయణపురంలో ఒక ఇంటి అడ్రస్ ఉంది, అంతే. దాన్ని నడిపినవాళ్లు చెన్నైలో ఉండేవాళ్లు, సరుకు దిగింది గుజరాత్‌లో, వెళ్లాల్సింది ఢిల్లీకి. మీరు తల దించుకోవాల్సిన పని లేదు.

ఇక అది వచ్చిన దారి చూడండి. అఫ్ఘానిస్తాన్‌లోని కాందహార్ నుంచి ఇరాన్‌లోని బందర్ అబ్బాస్ రేవుకు, అక్కడి నుంచి ఓడలో ముంద్రాకు. కాగితాల మీద రాసింది టాల్క్ రాళ్లని, అంటే పౌడర్లలో వాడే మెత్తని రాయి. పెద్ద పెద్ద జంబో సంచుల్లో అడుగున హెరాయిన్ పెట్టి పైన రాళ్లు పోశారు, కాబట్టి మూతి విప్పి చూసినవాళ్లకు రాళ్లే కనబడతాయి. రెండు కంటైనర్లలో కలిపి 2,988 కిలోలు దొరికింది. స్మగ్లింగ్‌ను పట్టే కేంద్ర రెవెన్యూ నిఘా విభాగం డీఆర్‌ఐ అధికారులకు ముందే సమాచారం ఉండబట్టి సంచుల అడుగుదాకా వెళ్లారు, లేకపోతే ఆ సరుకు దాటి వెళ్లిపోయేదే.

పెద్ద రేవులో రోజూ దిగే వేల కంటైనర్లలో ప్రతిదాన్నీ విప్పి చూస్తూ కూర్చుంటే వ్యాపారం ఆగిపోతుంది. అందుకే ప్రపంచంలో ఏ రేవయినా కాగితాలు చూసి, అనుమానం వచ్చినవాటినే పక్కకు తీస్తుంది. ఆ అనుమానం రావాలంటే పంపినవాడెవడో, అతను ఇంతకుముందు ఏం పంపాడో, కొత్తగా రిజిస్టరైన ఓ చిన్న కంపెనీకి కాందహార్ రాయితో పనేమిటో ఎవరో ఒకరు కలిపి చూడాలి. కానీ ఆ ముక్కల్లో ఒకటి మన జీఎస్టీ ఆఫీసులో ఉంటుంది, ఒకటి కస్టమ్స్ దగ్గర, మరొకటి కాబూల్లో. 2021 ఆగస్టు 15న కాబూల్ తాలిబాన్ల చేతికి పోయింది, ముంద్రాలో సరుకు దొరికింది దాదాపు నెల తర్వాత. అప్పుడు అవతల ఫోనెత్తి జవాబు చెప్పే అధికారి ఎవరు? దేశాల మధ్య సహకారం అని పేపర్లలో రాసే మాటకు అసలు అర్థం ఇదే మాస్టారూ, అవతల కుర్చీలో మన ప్రశ్నకు జవాబిచ్చే మనిషి ఉండటం. ఐక్యరాజ్యసమితి డ్రగ్స్ విభాగం యూఎన్‌ఓడీసీ, ప్రపంచ కస్టమ్స్ సంస్థ కలిసి 2004 నుంచి రేవుల్లో అధికారులకు ఈ కాగితాలు చదవడంలోనే శిక్షణ ఇస్తున్నాయి. కంచెల కన్నా ముందు దీనికి డబ్బు పెట్టాలని మా గట్టి అభిప్రాయం.

ప్రశ్న: మా నాన్న, మా చిన్నాన్నలు గుజరాత్‌లోని వేరావల్ బోట్ల మీద చేపల వేటకు వెళ్తారు. డ్రగ్స్ కోసమని నడిసముద్రంలో నేవీ ఎవరి బోటునైనా ఆపొచ్చా? వేరే దేశం బోటయితే? – డిగ్రీ విద్యార్థి, శ్రీకాకుళం జిల్లా

జవాబు: మంచి ప్రశ్న అడిగావు తమ్ముడూ, దీనికి కాస్త వివరంగానే చెప్పాలి. తీరం నుంచి 12 నాటికల్ మైళ్ల లోపల మన చట్టమే నడుస్తుంది. బయట అంతర్జాతీయ సముద్రంలోకి వెళ్లాక ఓడ మీద ఏ దేశం జెండా ఉంటే ఆ దేశానిదే అధికారం. వేరే దేశం ఓడ మీద అనుమానం వస్తే ఆ దేశాన్ని అడిగి, ఒప్పుకున్నాకే ఎక్కి వెతకాలి అని 1988 నాటి ఐక్యరాజ్యసమితి ఒప్పందం 17వ అధికరణలో ఉంది. జెండా లేని బోటయితే ఎక్కి చూడొచ్చు.

స్మగ్లర్లకు ఇవన్నీ బాగా తెలుసు. ఇరాన్, పాకిస్తాన్‌ల మక్రాన్ తీరం నుంచి ఒక పెద్ద ఓడ బయల్దేరి, రేవులోకి రాకుండా నడిసముద్రంలోనే ఆగుతుంది. చిన్న చిన్న చేపల బోట్లు దాని దగ్గరికి వెళ్లి కొంచెం కొంచెం సరుకు దించుకుని తలా ఒక దేశానికి పోతాయి. 2023 మేలో కేంద్ర మత్తుపదార్థాల నియంత్రణ సంస్థ ఎన్‌సీబీ, నేవీ కలిసి పట్టుకుని కొచ్చికి తెచ్చిన సుమారు 2,500 కిలోల మెథాంఫెటమైన్ (మెథ్ అని పిలిచే మత్తుమందు) అలాంటి ఓడలోదే. దానికంటే నాకు గొప్పగా అనిపించింది ఇంకోటి. అదే ఆపరేషన్లో మనవాళ్లు ఇచ్చిన సమాచారంతో శ్రీలంక నేవీ 286 కిలోల హెరాయిన్, 128 కిలోల మెథ్ పట్టుకుని 19 మందిని అరెస్టు చేసింది, మాల్దీవుల పోలీసులు కూడా ఐదుగురిని పట్టుకున్నారు. సుమారు ఏడాదిన్నర తర్వాత శ్రీలంక ఆ సాయం తిరిగి చేసింది. 2024 నవంబర్లో తమ దేశపు జెండా ఉన్న చేపల బోట్ల మీద అనుమానం ఉందని వాళ్లే మనకు చెప్పారు. గురుగ్రామ్‌లో మన నేవీ నడిపే సమాచార కేంద్రం ఆ బోట్ల జాడ చెబుతుంటే విమానాలు వెతికాయి, చివరికి అరేబియా సముద్రంలో రెండు బోట్లలో దాదాపు 500 కిలోల క్రిస్టల్ మెథ్ దొరికింది. సరుకు, బోట్లు, మనుషులు అన్నిటినీ శ్రీలంకకే అప్పగించారు. జెండా ఎవరిదో కేసూ వాళ్లదే కాబట్టి గొడవే లేదు.

అన్నిసార్లూ ఇంత బాగా జరగదు. బహ్రెయిన్ కేంద్రంగా చాలా దేశాలు కలిసి నడిపే సంయుక్త నౌకాదళం ఉంది, 2023లో మన దేశం అందులో పూర్తి సభ్యురాలైంది. 2025 మార్చి 31న ఐఎన్‌ఎస్ తర్కష్ దాని తరఫున గస్తీ కాస్తూ 2,500 కిలోలకు పైగా మత్తుపదార్థాలు పట్టుకుంది, ఎక్కువ భాగం గంజాయి మొక్క నుంచి తీసే హషీష్. అయితే ఈ దళంలోని ఓడలు ఏళ్ల తరబడి చేస్తున్నదేమిటంటే, సరుకును నాశనం చేసి మనుషులను వదిలేయడం. వాళ్లను ఏ దేశం కోర్టులో నిలబెట్టాలో తేలకపోవడమే కారణం. వదిలేసినవాడు మళ్లీ అదే దారిలో రాడని ఎవరు చెప్పగలరు? తీరం ఉన్న దేశాలు కూర్చుని, ఎక్కడ పట్టుకుంటే ఏ కోర్టుకు తీసుకెళ్లాలో ముందే రాసుకోవాలి. ఇది నేవీ చేతిలో పని కాదు, ప్రభుత్వాలదే.

మీ నాన్నగారికి ఒక మాట చెప్పు. 2024 ఫిబ్రవరిలో వేరావల్‌లోనే ఒక చేపల బోటులో 50 కిలోల హెరాయిన్ దొరికి బోటులో పనిచేసేవాళ్లను పట్టుకెళ్లారు. సముద్రంలో ఎవరో ఇచ్చిన ప్యాకెట్ ఒడ్డుకు చేరిస్తే చాలు, డబ్బులిస్తామని బోటు నడిపే తండేల్ చెప్పినా సరే, ఒప్పుకోవద్దు. కేసు బోటు ఎక్కిన అందరి మీదా పడుతుంది.

ప్రశ్న: మయన్మార్ సరిహద్దంతా కంచె వేసేస్తే పోలేదా? – వరంగల్ నుంచి ఒక పాఠకుడు

జవాబు: పోదు. 1,643 కిలోమీటర్ల కొండలు, అడవులు అవి, రెండు వైపులా ఒకే తెగల వాళ్లు బంధుత్వాలతో ఉంటున్నారు. పంజాబ్‌లో కంచె, ఫ్లడ్‌లైట్లు అన్నీ ఉన్నాయి కదా, దాని మీదుగా డ్రోన్లు వస్తున్నాయి. 2024లో ఒక్క పంజాబ్ సరిహద్దులోనే బీఎస్‌ఎఫ్ దాదాపు 300 డ్రోన్లు పట్టుకుంది. పైగా భూమి మీద దారి మూసుకుపోతే సముద్రం ఉంది. 2024 నవంబర్లో అండమాన్ దగ్గర కోస్ట్‌గార్డ్ ఆపిన మయన్మార్ బోటులో సుమారు 6,000 కిలోల మెథ్ ఉంది. 2021లో అక్కడ సైన్యం అధికారం లాక్కున్నాక సరిహద్దు ప్రాంతాలు చాలావరకు సాయుధ గ్రూపుల చేతుల్లోకి పోయాయి. ఇందాక కాబూల్ గురించి చెప్పిన ఇబ్బందే ఇక్కడా ఉంది.

ప్రశ్న: నేను హైదరాబాద్‌లో ఒక ఫార్మా కంపెనీ స్టోర్స్‌లో పనిచేస్తాను. ఎప్పుడూ బయటి నుంచి వచ్చే డ్రగ్స్ గురించే రాస్తారు, మన దగ్గర్నుంచి బయటికి ఏమీ పోవడం లేదా? – ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: పోతోందమ్మా, దాని గురించి ఎవరో ఒకరు అడగాలనే చూస్తున్నాం. మెథ్ పొలంలో పండదు, రసాయనాలతో తయారవుతుంది. జలుబు మందుల్లో వాడే సూడోఎఫెడ్రిన్ దానికి ముడిసరుకు. న్యూజిలాండ్ కస్టమ్స్, ఆస్ట్రేలియా పోలీసులు తమ దేశాల్లోకి ఎండుకొబ్బరి పొడిలో కలిపి సూడోఎఫెడ్రిన్ వస్తోందని గమనించి మన ఎన్‌సీబీకి చెప్పారు. సరుకు ఢిల్లీ నుంచి బయల్దేరుతోందని అమెరికా డ్రగ్స్ నిరోధక సంస్థ డీఈఏ తెలిపింది. 2024 ఫిబ్రవరిలో ఎన్‌సీబీ, ఢిల్లీ పోలీసులు ఒక గోదాములో సోదా చేస్తే, మల్టీగ్రెయిన్ హెల్త్ మిక్స్ లాంటి పొడిలో కలుపుతుండగా 50 కిలోలు దొరికింది. అక్కడ పట్టుబడిన ముగ్గురూ తమిళనాడు వాళ్లే. న్యూజిలాండ్ వాళ్లు సరుకు పట్టుకుని ఊరుకుని ఉంటే ఆ గోదాము ఇంకా నడుస్తూనే ఉండేది.

హైదరాబాద్ మీద కూడా కన్నుంది. 2022 డిసెంబర్లో డీఆర్‌ఐ ఇక్కడ రెండు రహస్య ల్యాబ్‌లలో దాదాపు 25 కిలోల మెఫెడ్రోన్ అనే మత్తుమందు పట్టుకుంది, నేపాల్ పారిపోబోతున్న సూత్రధారి గోరఖ్‌పూర్‌లో దొరికాడు. మందుల తయారీకి ఇంత పేరున్న ఊళ్లో కెమిస్ట్రీ తెలిసినవాళ్లకు, ఖాళీ షెడ్లకు కొదవ ఉండదు కదా. ఇలాంటి ముడిసరుకు ఒక దేశం నుంచి మరో దేశానికి పంపేముందు, తీసుకునే దేశానికి ఆన్‌లైన్‌లో ముందుగా తెలియజేసే పద్ధతి అంతర్జాతీయ నార్కోటిక్స్ నియంత్రణ బోర్డు నడుపుతోంది. అవతలివాళ్లు ఆ కంపెనీ మాకు తెలియదు అంటే సరుకు కదలదు. కానీ ఆ పద్ధతి పనిచేయాలంటే స్టోర్స్ రిజిస్టర్‌లో అంకెలు నిజమై ఉండాలి. స్టాక్ తేడా వస్తే, ఎప్పుడూ వినని పార్టీకి డ్రమ్ములు వెళ్తుంటే మీ కంటికే ముందు కనబడుతుంది. 1933 ఎన్‌సీబీ హెల్ప్‌లైన్, పేరు చెప్పకుండా కూడా చెప్పొచ్చు.

ఇంకొకటి కూడా రాయాలి, మనసుకు కష్టంగా ఉన్నా. ఆంధ్రా–ఒడిశా సరిహద్దు కొండల్లో పండే గంజాయి రామేశ్వరం, మండపం తీరాల దాకా వెళ్లి అక్కడి నుంచి బోట్లలో శ్రీలంక చేరుతోంది. మనకు అఫ్ఘానిస్తాన్ ఎలాగో వాళ్లకు మనం అలాగ. వాళ్లు సమాచారం అడిగినప్పుడు మనం ఎంత తొందరగా ఇస్తామో, మనకూ అంతే వస్తుంది.

ప్రశ్న: ఎప్పుడు చూసినా పట్టుబడేది డ్రైవర్లు, కూలీలు, కుర్రాళ్లే. పెద్దతలకాయలు ఎందుకు దొరకరు? – గుంటూరు నుంచి ఒక లాయర్

జవాబు: మీకు తెలియనిది కాదు సార్. సరుకు మోసేవాడికి ఒక ఫోన్ నంబర్ తప్ప ఏమీ తెలియదు, నడిపేవాడు మూడో దేశంలో, డబ్బు హవాలాలో. ఆ దేశం నుంచి ఒక బ్యాంకు ఖాతా వివరం కావాలంటే మన కోర్టు ద్వారా అక్కడి కోర్టుకు అభ్యర్థన వెళ్లి తిరిగి రావడానికి నెలలు పడుతుంది, ఈలోపు ఖాతా ఖాళీ. పట్టుకున్నరోజే ప్రెస్‌మీట్ పెట్టి సరుకు విలువ ఇన్ని వేల కోట్లు అని ప్రకటించే అలవాటు కూడా చెడు చేస్తోంది, తీసుకోవాల్సినవాడు ఆ వార్త చూసి మాయమవుతాడు. సరుకును వెంటనే పట్టుకోకుండా నిఘాలో వదిలి, తీసుకునేవాడిదాకా వెళ్లే అవకాశం మన మత్తుపదార్థాల నిరోధక చట్టం ఎన్‌డీపీఎస్ సెక్షన్ 50ఏలో ఉంది, వేరే దేశానికి పంపి చూసే వీలు కూడా ఇచ్చారు. దానికి అవతలి అధికారుల మీద నమ్మకం కావాలి, మధ్యలో సరుకు తప్పిపోతే బాధ్యత ఎవరిదన్న భయం పోవాలి. ఎన్ని కిలోలు అని కాకుండా, ఎంతమందికి శిక్ష పడింది, ఎంత ఆస్తి జప్తయింది అని విలేకరులు అడగడం మొదలుపెడితే బాగుంటుంది.

ప్రశ్న: మా అబ్బాయి మొదటిసారి దుబాయ్ పోతున్నడు. ఏజెంట్ ఒకాయన తమ వాళ్లకు ఇమ్మని పార్సిల్ ఇస్తనన్నడు. నడుం నొప్పికి డాక్టర్ రాసిన మాత్రలు కూడా ఉన్నయి. ఏమైనా ఇబ్బంది ఉంటదా? – ఒక తల్లి, జగిత్యాల

జవాబు: అమ్మా, పార్సిల్ వద్దే వద్దు, ఏజెంట్ అయినా, సొంత మేనత్త అయినా. ఊరికే అనడం లేదు. 2019లో ముంబై నుంచి దోహా వెళ్లిన ఒక జంట బ్యాగులో 4 కిలోల హషీష్ దొరికింది. ఆ ప్రయాణం కానుకగా ఏర్పాటు చేసి, ఆ పొట్లం అంటగట్టింది దగ్గరి బంధువే. గర్భవతిగా ఉన్న ఆమెకు, భర్తకు పదేళ్ల జైలు పడింది, పాప జైల్లోనే పుట్టింది. ఇక్కడ ఆమె తండ్రి ఫిర్యాదు చేస్తే ఎన్‌సీబీ తవ్వి, వాళ్లను మోసం చేశారని ఆధారాలు తేల్చింది, ప్రభుత్వం వాటిని ఖతార్‌కు పంపింది. 2021లో కోర్టు వాళ్లను నిర్దోషులుగా వదిలింది. రెండు దేశాల అధికారులు మాట్లాడుకోబట్టి వాళ్లు బయటపడ్డారు, అయినా దాదాపు రెండేళ్లు పోయాయి.

మసాలాల్లో గసగసాలు అసలు పెట్టొద్దు, దుబాయ్‌లోనే కాదు, సౌదీ, ఖతార్లలో కూడా నిషేధం. కలిపి నూరిన పొడి కూడా వద్దు. మాత్రల సంగతికొస్తే, నొప్పికి వాడేవాటిలో ట్రమడాల్, కొడీన్ ఉన్నవాటికి యూఏఈలో ముందుగా అనుమతి తీసుకోవాలి. షీటు మీద పేరు చూసి, మీ డాక్టర్‌నే అడగండి, అవి ఉంటే వేరే మందు రాయమనండి. మామూలు మాత్రలయినా చీటీతో పాటు, కొన్న డబ్బాలోనే పెట్టి పంపండి, విడిగా కవర్లో పోసి పంపొద్దు.