ఇనుము తినే ఆమ్లం: కొత్త డీఎంకి ఓ ఉత్తరం

చిరంజీవి అమ్మలూకి బాబాయి ఆశీస్సులు.

డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆట నడిపే డీఎంవి (డంజన్ మాస్టర్‌వి) అయ్యావు. మొదట గ్రే ఊజ్‌ని, ఆ తర్వాత బ్లాక్ పుడింగ్‌ని, అంటే ఆమ్లంతో కరిగించే రెండు జిగురు రాక్షసులను, టేబుల్ మీదికి తెస్తానన్నావు. ఇవి ఆటగాళ్ల ప్రాణాల మీదికే కాదు, సామాను మీదికీ వస్తాయి. కాబట్టి లెక్క నీకు ముందే తెలిసి ఉండాలి. ఇక్కడ రాసేదంతా డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్, 2014 నియమాల ప్రకారం.

మంత్రశక్తి లేని లోహపు ఆయుధం గ్రే ఊజ్‌కి తగిలిన ప్రతిసారీ, ఆ దెబ్బ డ్యామేజ్ లెక్కేశాక, ఆయుధానికి శాశ్వతంగా −1 పడుతుంది. తగ్గేది డ్యామేజ్ రోల్ (దెబ్బ ఎంత నష్టం చేసిందో చూసే పాచిక) ఒక్కటే, అటాక్ రోల్ (దెబ్బ తగిలిందా లేదా చూసే పాచిక) కాదు. కొత్త డీఎంలు రెండూ తగ్గించేసి ఫైటర్‌ని ఊరికే ఏడిపిస్తారు. −5 చేరితే ఆయుధం పోయినట్టే. లోహపు బాణమైతే ఒక్క దెబ్బతోనే సరి.

d8+3 (ఎనిమిది ముఖాల పాచిక, దానికి 3 కలిపి) కొట్టే లాంగ్‌స్వోర్డ్ అనే కత్తి సగటున వరసగా 7.5, 6.5, 5.5, 4.5 ఇస్తుంది. నాలుగు దెబ్బలకు 24. ఊజ్‌కి ఉన్నవి 22 హిట్ పాయింట్లు (ప్రాణం లెక్క). అంటే ఒక్కడే కొడితే ఊజ్ చస్తుంది, 15 బంగారు నాణేల కత్తి −4తో మిగులుతుంది. 2 వెండి నాణేల గ్రేట్‌క్లబ్ అనే పెద్ద దుడ్డుకర్ర కూడా d8యే, పైగా చెక్క. ఊజ్ దాన్ని ఏమీ చేయలేదు. ఆటగాళ్లు ఈ సంగతి వాళ్లంతట వాళ్లే కనిపెట్టేలా చూడు, ఆ సంతోషం వాళ్లదే కావాలి.

పుడింగ్ దగ్గర ఆ ఉపాయం చెల్లదు. అది చెక్కనీ తినేస్తుంది. దానికి 85 హిట్ పాయింట్లు. ఒక్కో గ్రేట్‌క్లబ్ విరిగేలోపు ఐదు దెబ్బలకు 27.5 ఇస్తుంది, కాబట్టి మూడు చాలవు, నాలుగు మోసుకెళ్లాలి. కత్తితో నరికితే డ్యామేజ్ సున్నా, పైగా కనీసం 10 హిట్ పాయింట్లుంటే అది రెండుగా చీలుతుంది. మెరుపు మంత్రాలకూ అంతే. డ్యామేజే పడనప్పుడు కత్తి ఎందుకు అరగాలి అని ఎవరో ఒకరు వాదిస్తారు. అరుగుతుందనే తీర్పు చెప్పు, తగిలితే చాలు కదా ఆమ్లం అంటుకోవడానికి. 5 అడుగుల లోపు నిలబడి కొట్టినవాడికి 1d8 ఆమ్లం కూడా పడుతుంది. 10 అడుగుల నుంచి పొడిచే పైక్ (పొడవాటి ఈటె) వాడితే మనిషి తప్పించుకుంటాడు, పైక్ మాత్రం అరుగుతుంది. అన్నిటికన్నా మేలు దూరం: పుడింగ్ నడక 20 అడుగులు, మనిషిది 30. వెనక్కి జరుగుతూ ఫైర్ బోల్ట్ మంత్రం వేయనీ.

కవచాల లెక్క వేరు. రాక్షసుడి దెబ్బ తగిలితే కవచం ఇచ్చే ఆర్మర్ క్లాస్‌కి (దెబ్బ తగలకుండా కాపాడే అంకెకి) −1, పదికి దిగితే కవచం నాశనం. మంత్రశక్తి లేని కవచాల్లో ఊజ్ లోహపువాటినే కరిగిస్తుంది, పుడింగ్ దేన్నైనా. 1500 బంగారు నాణేల ప్లేట్ కవచం ఎనిమిది దెబ్బలు ఆగుతుంది. 11 ఉన్న లెదర్ కవచం ఒక్క దెబ్బకే పోతుంది, దాన్ని వేసుకునే రోగ్ (దొంగ పాత్ర) ఆడేవాళ్లకి ముందే గుర్తుచెయ్యి.

రెండో స్థాయి మ్యాజిక్ వెపన్ మంత్రం ఉన్నంతసేపూ ఆయుధం అరగదు, గంట వరకు ఉంటుంది. కానీ అది వేసినవాడి కాన్సంట్రేషన్ (ఏకాగ్రత) మీద నిలిచే మంత్రం. పుడింగ్ దెబ్బ సగటు 24, అందులో సగం అంటే డీసీ 12 సేవింగ్ త్రో: ఏకాగ్రత నిలవాలంటే పాచికలో కనీసం 12 రావాలి. అది తప్పితే ఆ తర్వాతి దెబ్బ నుంచే అరుగుడు మొదలు. కాబట్టి మంత్రం వేసినవాడు ఆయుధాన్ని ముట్టుకుని వేశాక వెనక్కి తగ్గాలి. డ్రూయిడ్ (ప్రకృతి మంత్రాలు వేసే పాత్ర) ఉంటే షిలేలీ మంత్రం కూడా అలాగే ఒక నిమిషం పనిచేస్తుంది, క్లబ్‌కీ క్వార్టర్‌స్టాఫ్‌కీ మాత్రమే.

మొదటి దెబ్బకే, దాచకుండా, “అంచు నుంచి పొగ లేచింది, −1 రాసుకో” అని చెప్పు. మూడో దెబ్బ దాకా దాస్తే అది మోసంలా అనిపిస్తుంది, వాళ్ల కోపం రాక్షసుడి మీద కాక నీ మీదికి మళ్లుతుంది. ప్రతి ఆయుధం పేరు పక్కనే ఐదు గళ్లు గీయించు, దెబ్బకొక గడి కొట్టేయమను. మెండింగ్ మంత్రం పగులునో చిరుగునో అతికిస్తుందే గానీ, శాశ్వతమన్న ఈ లోటును తీరుస్తుందని నియమం చెప్పదు. నేనైతే ఊళ్లో కమ్మరి చేత, సగం ధర తీసుకుని, బాగుచేయించుకోనిస్తాను. నువ్వు ఏది నిర్ణయించినా ఆట మొదలవకముందే చెప్పెయ్యి.

— బాబాయి